పాత ఇంజను విప్పి చూద్దాం: అంబాసిడర్ ఇంజనును గుర్తించడం, కొలవడం



మనం ఒక పాత కారు ఇంజను కొన్నామనుకుందాం. అమ్మినవారు మనకు మూడు మాటలు చెప్పారు. ఒకటి, ఇది అంబాసిడర్ కారు 1489 సి.సి. పెట్రోలు ఇంజను. రెండు, 1972లో రిజిస్టరైన ఆ కారుతో పాటు వచ్చిన అసలు ఇంజను ఇదే. మూడు, దీన్ని ఇంతవరకు ఎవరూ విప్పలేదు. ఇప్పుడు దీన్ని బాగుచేసి మళ్లీ నడిపించాలి. ఈ మూడు మాటల్లో ఎన్ని నిజం?

ఈ ప్రశ్న మాటవరసకు అడిగింది కాదు. ఇంజనును తప్పుగా గుర్తిస్తే కొన్న పిస్టన్లు, బేరింగులు పనికిరావు. అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. అరిగిన సిలిండరును బాగుచేయడమంటే దాని లోపలి గోడను కొంత చెక్కివేయడం. ఒకసారి చెక్కిన ఇనుము తిరిగి రాదు. కాబట్టి ఆ పనికి పూనుకునే ముందు ఇంజను ఏమిటో, దానిలో ఇంకా ఎంత ఆయువు మిగిలి ఉందో తెలియాలి. ఇంజను తన విషయం తానే చెబుతుంది. అయితే దాన్ని ఒక క్రమంలో విప్పి, కొలిచి, రాసుకున్న వారికే చెబుతుంది. ఆ పద్ధతిని ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ ఇంజను పూర్వాపరాలు

అంబాసిడర్ కారును హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 1950ల చివరి నుంచి 2014 వరకు తయారుచేసింది. దీనికి మూలం ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు. పైకి చూస్తే ఇన్ని దశాబ్దాల పాటు కారు ఆకారం పెద్దగా మారలేదు. లోపలి ఇంజను మాత్రం పలుమార్లు మారింది. మనకు ముఖ్యంగా ఎదురయ్యేవి ఇవి:

1. తొలినాటి సైడ్ వాల్వ్ పెట్రోలు ఇంజను, 1476 సి.సి. బోరు 73.5 మి.మీ., స్ట్రోకు 87 మి.మీ.

2. 1959 నుంచి వాడిన ఓవర్‌హెడ్ వాల్వ్ పెట్రోలు ఇంజను, 1489 సి.సి. ఇది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 'బి' శ్రేణి ఇంజను. బోరు 73.025 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ.

3. 1980 ప్రాంతంలో వచ్చిన డీజిలు ఇంజను. ఇదీ 1489 సి.సి. బోరు, స్ట్రోకు కూడా పై ఇంజనువే.

4. 1990లలో వచ్చిన ఇసుజు పెట్రోలు ఇంజను, 1817 సి.సి. బోరు 84 మి.మీ., స్ట్రోకు 82 మి.మీ.

5. ఆ తరువాతి ఇసుజు డీజిలు ఇంజను, 1995 సి.సి. బోరు 84 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ.

బోరు అంటే సిలిండరు లోపలి వ్యాసం. స్ట్రోకు అంటే పిస్టన్ పై చివర నుంచి కింది చివర వరకు కదిలే దూరం. ఈ రెండూ తెలిస్తే ఇంజను ఘనపరిమాణం లెక్కకట్టవచ్చు. మీరు చదువుకున్న స్తూపం సూత్రమే ఇక్కడ పనికివస్తుంది.

బోరు 7.3025 సెం.మీ. దీని వర్గాన్ని 0.7854తో గుణిస్తే సిలిండరు అడ్డుకోత వైశాల్యం 41.88 చదరపు సెం.మీ. వస్తుంది. దీన్ని స్ట్రోకు 8.89 సెం.మీ.తో గుణిస్తే 372.3 ఘన సెం.మీ. నాలుగు సిలిండర్లకు కలిపి 1489. కారు పత్రాల్లో రాసే సి.సి. అంకె అర్థం ఇదే.

విప్పే ముందు చూడవలసినవి

మొదటి పని పానా పట్టుకోవడం కాదు, కాగితాలు చూడడం. రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంజను నంబరు, చాసిస్ నంబరు ఉంటాయి. ఇంజనుపై ఉన్న నంబరుతో దాన్ని అంకె అంకెకూ పోల్చాలి. నంబరు ఉన్న చోట ఆకురాయితో రాసిన గుర్తులు ఉన్నా, అంకెలు వంకరటింకరగా కొట్టి ఉన్నా ఆ ఇంజనును కొనకూడదు. అది దొంగిలించిన బండిది కావచ్చు.

నంబరు కలవడానికి ఇప్పుడు మరో ప్రాముఖ్యం కూడా వచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునే నిబంధనలను కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రకటించింది. అయితే ఆ వాహనం చాసిస్, బాడీ, ఇంజన్ల విషయంలో గణనీయమైన మార్పులకు లోనుకాకుండా అసలు రూపంలో ఉండాలి. 1972 నాటి కారులో తరువాతి కాలపు ఇసుజు ఇంజను కూర్చి ఉంటే ఆ అర్హతకే ముప్పు. పని మొదలుపెట్టక ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మేలు.

తరువాత పైనుంచే గుర్తించగల లక్షణాలు చూడాలి. సైడ్ వాల్వ్ ఇంజనులో వాల్వులు సిలిండరు పక్కన, బ్లాకులోనే ఉంటాయి. కాబట్టి హెడ్డు పైన రాకర్ కవరు ఉండదు, స్పార్క్ ప్లగ్గులు బిగించిన చదునైన మూతలా కనిపిస్తుంది. 'బి' శ్రేణి పెట్రోలు ఇంజనుకు హెడ్డు పైన పొడవాటి రేకు కవరు ఉంటుంది. కార్బురేటరు, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ గొట్టాలు ఒక పక్క, స్పార్క్ ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటరు రెండో పక్క ఉంటాయి. డీజిలు ఇంజనుకు ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటరు ఉండవు. వాటికి బదులు ఇంజెక్షన్ పంపు, దాని నుంచి ఇంజెక్టర్లకు వెళ్లే సన్నని ఉక్కు గొట్టాలు కనిపిస్తాయి. పెట్రోలు, డీజిలు 1489 ఇంజన్లను బోరు కొలిచి వేరుచేయలేం, ఈ లక్షణాలతోనే గుర్తించాలి.

నట్లు, బోల్టులు కూడా సాక్ష్యం చెబుతాయి. 'బి' శ్రేణి ఇంజను అంగుళాల కొలతలో తయారైంది. అర అంగుళం నట్టు అంటే 12.7 మి.మీ. దానికి 13 మి.మీ. పానా పెడితే ఎక్కుతుంది కాని 0.3 మి.మీ. వదులుగా ఉంటుంది. బలం నట్టు ముఖాల మీద కాక మూలల మీద పడి మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. కాబట్టి అంగుళాల పానాలే వాడాలి. ఇసుజు ఇంజను మిల్లీమీటర్ల కొలతలో తయారైంది.

నూనె చెప్పే సంగతి

ఇంజను నుంచి ఇంజనాయిల్‌ను, నీటిని వేరువేరు డబ్బాల్లోకి వంచాలి. వాటిని మురుగు కాలువలో గాని, నేల మీద గాని పోయకూడదు. నూనెను పారేసే ముందు పరిశీలించాలి. మజ్జిగ రంగులో చిక్కగా ఉంటే అందులో నీరు కలిసిందన్నమాట. హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు, హెడ్డులో గాని బ్లాకులో గాని పగులు ఉండవచ్చు. చాలాకాలం వాడని ఇంజనులో తేమ చేరడం వల్ల కూడా కొద్దిగా ఇలా జరుగుతుంది. అందువల్ల ఈ గుర్తును అనుమానంగా రాసుకోవాలి గాని తీర్పుగా కాదు.

డబ్బా అడుగున మెరిసే పొడి ఉంటే అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకున్నది ఇనుము, ఉక్కు. రింగులు, సిలిండరు గోడలు, కామ్ షాఫ్ట్ వంటివి అరిగి వచ్చినది. అంటుకోని బూడిదరంగు, రాగిరంగు రేణువులు బేరింగుల నుంచి వచ్చి ఉండవచ్చు.

ఇప్పుడు స్పార్క్ ప్లగ్గులు తీసి, క్రాంక్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పాలి. తిరగకపోతే బలవంతం చేయకూడదు. ప్లగ్గు రంధ్రాల గుండా తుప్పు వదిలించే పలుచని నూనె పోసి కొన్ని రోజులు ఆగాలి. పొడవాటి కడ్డీ తగిలించి తిప్పితే టార్కు పెరిగి, పట్టుకుపోయిన రింగు విరుగుతుంది, లేదా పిస్టన్ పగులుతుంది.

విప్పే క్రమం

విప్పే ప్రతి దశలోనూ ఫోటో తీయాలి. ప్రతి భాగానికీ చీటీ కట్టాలి. ఒక నోటు పుస్తకంలో తేదీతో సహా రాసుకోవాలి. రేడియేటరు వైపున్న సిలిండరు ఒకటవ నంబరు. ఈ ఇంజనులో సిలిండర్లు మండే క్రమం 1, 3, 4, 2. డిస్ట్రిబ్యూటరు తీయక ముందే దాని తీగలకు ఈ నంబర్లు వేసుకోవాలి.

మొదట డైనమో, స్టార్టరు, కార్బురేటరు, పెట్రోలు పంపు, నీటి పంపు వంటివి తీయాలి. తరువాత రాకర్ కవరు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. 'బి' శ్రేణి ఇంజనులో రాకర్ షాఫ్ట్‌ను పట్టి ఉంచే నట్లలో కొన్ని హెడ్డును కూడా పట్టి ఉంచుతాయి. కాబట్టి రాకర్లు మాత్రమే తీద్దామని ఆ నట్లను ఒక్కసారిగా విప్పకూడదు. హెడ్డు నట్లన్నింటినీ బయటి అంచుల నుంచి మధ్యకు వస్తూ, ఒక్కొక్కదాన్ని కొద్ది కొద్దిగా వదులు చేయాలి. ఎందుకంటే బిగించిన స్టడ్డు నిజానికి సాగదీసిన స్ప్రింగు లాంటిది. స్థితిస్థాపకత వల్ల అది హెడ్డును బ్లాకుకేసి అదిమిపెడుతుంది. ఒక పక్క పూర్తిగా వదిలి రెండో పక్క అలాగే ఉంచితే హెడ్డు వంగే ప్రమాదం ఉంది.

రాకర్లు తీశాక ఎనిమిది పుష్‌రాడ్లు పైకి వస్తాయి. ఒక అట్టకు ఎనిమిది రంధ్రాలు చేసి వరుసగా అందులో గుచ్చాలి. ట్యాపెట్లను కూడా అదే వరుసలో పెట్టాలి. ఏళ్ల తరబడి ఒకదానితో ఒకటి రాసుకున్న రెండు ఉపరితలాలు ఒకదానికొకటి అనువుగా అరిగి ఉంటాయి. జతలు మారిస్తే అరుగుదల మళ్లీ మొదలవుతుంది.

హెడ్డు ఎత్తాక పాత గ్యాస్కెట్‌ను పొడిగా గీకకూడదు. పాత కాలపు గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. నీటితో బాగా తడిపి, ముక్కుకు తగిన మాస్కు పెట్టుకుని తీయాలి.

పిస్టన్లు ఇంకా లోపల ఉండగానే స్ట్రోకు కొలవాలి. పిస్టన్ పై చివరన ఉన్నప్పుడు బ్లాకు పైతలం నుంచి దాని లోతు ఎంత, కింది చివరన ఉన్నప్పుడు ఎంత అన్నది వెర్నియర్ కాలిపర్స్ లోతుకడ్డీతో కొలవండి. రెండింటి తేడాయే స్ట్రోకు.

తరువాత ఇంజనును తలకిందులు చేసి, మన మెకానిక్కులు ఛాంబర్ అని పిలిచే నూనె తొట్టిని, ఆయిల్ పంపును తీయాలి. ఇంజను చాలా బరువు. దాన్ని చైన్ పుల్లీతోనే ఎత్తి తిప్పాలి. ఆపైన కనెక్టింగ్ రాడ్ల టోపీలు విప్పి, పిస్టన్లను పైనుంచి బయటకు తీయాలి. ప్రతి టోపీ దాని రాడ్డుకే చెందుతుంది. క్రాంక్ షాఫ్ట్‌ను మోసే మూడు మెయిన్ బేరింగుల టోపీలు కూడా అంతే. కర్మాగారంలో టోపీని బిగించిన తరువాతే ఆ రంధ్రాన్ని తొలుస్తారు. కాబట్టి ఒకదాని టోపీ మరొకదానికి సరిపోదు. విప్పక ముందే రెండు ముక్కల మీదా ఒకే నంబరు వేసుకోవాలి.

కొలతలు, వాటి అర్థం

సిలిండరు పై అంచుకు కొంచెం కింద వేలిగోరుతో తడమండి. చిన్న గట్టు తగులుతుంది. పై రింగు వెళ్లగలిగిన చివరి చోటు అది. ఆ గట్టు కింద గోడ అరిగింది, పైన అరగలేదు. అరుగుదల ఆ పైభాగంలోనే ఎక్కువ ఉండడానికి కారణం ఉంది. పిస్టన్ పై చివరకు చేరినప్పుడు క్షణకాలం ఆగి వెనుదిరుగుతుంది. కదలిక లేనప్పుడు నూనె పొర పలచబడుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే మంట వేడి, వాయువు పీడనం అత్యధికంగా ఉంటాయి.

సిలిండరు గుండ్రంగా అరగదు. కనెక్టింగ్ రాడ్ వాలుగా ఉన్నప్పుడు పిస్టన్‌ను ఒక పక్క గోడకేసి నెడుతుంది. అందువల్ల క్రాంక్ షాఫ్ట్‌కు అడ్డదిశలో ఎక్కువ అరుగుతుంది. కాబట్టి ప్రతి సిలిండరునూ పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా రెండు దిశల్లో, మొత్తం ఆరు కొలతలు తీసుకోవాలి. దీనికి డయల్ బోర్ గేజి వాడతారు. దాని రీడింగును స్క్రూగేజితో సరిచూసుకోవాలి.

ఉదాహరణకు మన ఇంజను ఒకటవ సిలిండరు కొలతలు ఇలా వచ్చాయనుకుందాం. రింగులు తగలని అడుగు భాగంలో 73.53 మి.మీ. పైభాగంలో క్రాంక్ షాఫ్ట్ దిశలో 73.57. అడ్డదిశలో 73.68.

అరగని చోట 73.53 ఉంది. 1489 ఇంజనుకు ఉండవలసింది 73.025. పైగా సైడ్ వాల్వ్ ఇంజను బోరు 73.5. బోరు ఒక్కటే చూస్తే ఇది సైడ్ వాల్వ్ ఇంజను అని పొరబడతాం! కాని దీని వాల్వులు హెడ్డులో ఉన్నాయి. స్ట్రోకు 88.9 వచ్చింది. సైడ్ వాల్వ్ ఇంజను స్ట్రోకు 87. కాబట్టి ఇది 'బి' శ్రేణి 1489 ఇంజనే. మరి ఎక్కువగా ఉన్న అర మిల్లీమీటరు ఎక్కడిది?

మన మెకానిక్కులు బోరింగును 'థౌ'లలో చెబుతారు. ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, అంటే 0.0254 మి.మీ. 20 థౌలు 0.508 మి.మీ. దీన్ని 73.025కు కలిపితే 73.533. అంటే ఈ ఇంజనుకు ఇంతకు ముందే ఒకసారి 20 థౌ బోరింగు చేశారు. నిర్ధారణకు పిస్టన్ పైముఖం మీది మసిని తుడిచి చూడండి. 020 అని గుర్తు ఉంటే రెండు సాక్ష్యాలూ కలిసినట్టే. బేరింగు షెల్స్ వెనుక కూడా ఇలాంటి అంకెలు ఉంటాయి. 010 అని ఉంటే క్రాంక్ షాఫ్ట్‌ను 10 థౌలు తగ్గించి సాన పట్టారన్నమాట.

ఇప్పుడు అసలు ప్రశ్న. తరువాతి సైజు 30 థౌ, అంటే 73.787 మి.మీ. మన సిలిండరు అత్యధిక కొలత 73.68. అది 73.787 కన్నా తక్కువే కదా, 30 థౌ బోరింగు సరిపోతుంది అనిపిస్తుంది. తొందరపడకూడదు. అరుగుదల 0.15 మి.మీ. అంతా ఒక పక్క గోడలోనే జరిగి ఉంటే? సిలిండరు అసలు కేంద్రం నుంచి ఆ గోడ దూరం 36.767కు 0.15 కలిపితే 36.917 మి.మీ. 30 థౌ బోరు వ్యాసార్ధం 36.894 మాత్రమే. కేంద్రం మార్చకుండా చెక్కితే ఆ పక్క 0.023 మి.మీ. లోతున గుంట మిగిలిపోతుంది. 40 థౌ బోరు వ్యాసార్ధం 37.021. దానితో గోడ శుభ్రమవుతుంది.

అంటే ఈ ఇంజనుకు 40 థౌ బోరింగు కావాలి. ఈ ఇంజనుకు మామూలుగా దొరికే పిస్టన్లలో ఆఖరి సైజు అదే. ఆ తరువాత సిలిండర్లకు స్లీవులు వేయించడమే మార్గం. అమ్మినవారు ఎన్నడూ విప్పలేదన్న ఇంజనులో నిజానికి మిగిలింది ఒకే ఒక బోరింగు.

చెక్కే ముందు చివరి పరీక్ష

ఒక్క అవకాశమే మిగిలినప్పుడు బ్లాకు పగిలి లేదని ముందే నిర్ధారించుకోవాలి. దీనికి మన షెడ్లలో వాడే సులువైన పద్ధతి ఒకటుంది. శుభ్రం చేసిన లోహం మీద కిరోసిన్ పూసి కొంతసేపు ఉంచాలి. బాగా తుడిచివేసి, దాని మీద సుద్దపొడి పలచగా పూయాలి. పగులు ఉంటే కేశనాళికీయత వల్ల లోపలికి పోయిన కిరోసిన్‌ను సుద్ద పైకి పీల్చుకుంటుంది. తెల్లని పూత మీద సన్నని తడి గీత కనిపిస్తుంది. సిలిండర్ల మధ్య భాగం, హెడ్డులో వాల్వు సీట్ల మధ్య భాగం ముఖ్యంగా చూడాలి. కిరోసిన్ ఉన్నచోట మంట ఉండకూడదు. ఈ పరీక్షకు దొరకని సన్నని పగుళ్లను వర్క్‌షాపులో రంగుద్రవంతో గాని, నీటి పీడనంతో గాని పరీక్షిస్తారు.

ఇంకో నియమం. ముందు పిస్టన్లు కొని, వాటిని స్క్రూగేజితో కొలిచి, తరువాతే బోరింగుకు ఇవ్వాలి. పిస్టన్ అసలు కొలతకు కావలసిన ఖాళీ కలిపి బోరు చెక్కుతారు. పిస్టన్లు దొరక్క ముందే బ్లాకు చెక్కించి, ఆపైన సైజు దొరక్క ఇబ్బంది పడకూడదు.

హెడ్డు విషయంలో ఇంధనాన్ని కూడా గుర్తుంచుకోవాలి. ఈ ఇంజను సీసం కలిపిన పెట్రోలు కాలంలో రూపొందింది. ఆ సీసపు సమ్మేళనాలు ఎగ్జాస్ట్ వాల్వు సీట్ల మీద పొరగా ఏర్పడి వాటిని కాపాడేవి. ఆరోగ్యానికి హాని కనుక మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం కలిపిన పెట్రోలును నిలిపివేశారు. మెత్తని పోత ఇనుప సీట్లు సీసం లేని పెట్రోలుతో త్వరగా అరుగుతాయి. కాబట్టి హెడ్డు విప్పినప్పుడే గట్టి లోహపు సీట్లు వేయించడం మంచిది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపు డయాఫ్రం దానికి తట్టుకోలేకపోవచ్చు. వాటినీ తగిన రకంతో మార్చాలి.

సారాంశం

మొదట విన్న మూడు మాటలను ఇప్పుడు పరిశీలిద్దాం. ఇది 1489 ఇంజను అన్నది నిజం. స్ట్రోకు, వాల్వుల అమరిక, పెట్రోలు భాగాలు మూడూ కలిసి ఆ మాట చెప్పాయి. ఇది ఆ కారు ఇంజనే అన్నది నంబర్లు, పత్రాలు కలిస్తే నమ్మవచ్చు. ఎవరూ విప్పలేదన్నది నిజం కాదు. అందుకు బోరు కొలత, పిస్టన్ మీది అంకె సాక్ష్యం. ఏ ఒక్క గుర్తుతోనూ నిర్ణయానికి రాకుండా, వేరువేరు దారుల్లో దొరికిన సాక్ష్యాలను కలిపి చూడడం ఏ ప్రయోగశాలలోనైనా పాటించే నియమమే. చెక్కడం, కోయడం వంటి వెనక్కి తీసుకోలేని పనులను అన్ని కొలతలూ పూర్తయ్యాకే మొదలుపెట్టాలి.

మీరే చేసి చూడండి

1. ఒక పాత కారు ఇంజనుకు నాలుగు సిలిండర్లున్నాయి. బోరు 68 మి.మీ., స్ట్రోకు 75 మి.మీ. దాని ఘనపరిమాణం ఎంత? అది మన రోడ్ల మీద తిరిగిన ఏ కారుదో పెద్దలను అడిగి తెలుసుకోండి.

2. పాఠంలోని ఇంజనుకు 40 థౌ బోరింగు చేశాక దాని ఘనపరిమాణం ఎంతవుతుంది? 1489 కన్నా ఎంత పెరిగింది?

3. పై ఉదాహరణలో 0.15 మి.మీ. అరుగుదల రెండు పక్కలా సమానంగా జరిగి ఉంటే 30 థౌ బోరింగు సరిపోయేదా? లెక్కకట్టి చూపండి.

4. మీ దగ్గరలోని బోరింగు వర్క్‌షాపుకు వెళ్లి, వాళ్లు సిలిండరును ఎన్ని చోట్ల కొలుస్తారో గమనించి రాయండి.